జాన్ ఎవరెట్ క్లౌ

జాన్ ఎవరెట్ క్లౌ (1836 జూలై 16 - 1910 నవంబరు 24) ఒంగోలు కేంద్రంగా పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒకేరోజున 2,222 మంది బాప్తిస్మం పొందిన సంఘటన వలన ఈయన పేరు ప్రసిద్ధి చెందింది. కరవుకాలంలో క్రైస్తవంలో చేరినవారు విశ్వాసంలో నిలుస్తారా, లేక కృపనుండి తొలగిపోతారా అనే ప్రశ్న ఈయన జీవితకార్యంతో విడదీయరానిదైంది.

బాల్యం, విద్య

క్లౌ అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రంలో ఫ్రూస్‌బర్గ్ సమీపంలో జన్మించాడు. యువకుడిగా ఉండగా భూమి కొలతల పని నేర్చుకున్నాడు. తరువాత అయోవా రాష్ట్రంలోని బర్లింగ్టన్‌లో విద్యనభ్యసించాడు. మొదట మతవిషయాలపై అంతగా ఆసక్తి లేని క్లౌ, విద్యార్థిగా ఉన్నప్పుడే విశ్వాసి అయ్యాడు. 1864లో భార్య హేరియట్‌తో కలిసి ఓడలో బయలుదేరి, 1865లో మద్రాసు మీదుగా నెల్లూరు చేరుకున్నాడు. 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. 1867 జనవరి 1న కేవలం 8 మంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడింది.

తలకొండపాడు, తొలి విశ్వాసులు

తలకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు. అంతకుముందే యోగమార్గాన్ని అవలంబించిన ఆధ్యాత్మిక జిజ్ఞాసువు. ఈయన ద్వారా 1867 జనవరిలో ఆ ప్రాంతంలో 28 మంది బాప్తిస్మం పొందారు. ఇదే సమయంలో ఒంగోలులోని అగ్రకులస్థులు కొందరు కూడా క్లౌ బోధపట్ల ఆసక్తి చూపుతుండేవారు. అయితే మాదిగలను చేర్చుకుంటే తాము రాబోమని వారు స్పష్టం చేశారు. క్లౌ, ఆయన భార్య వేరువేరు గదులలో బైబిలు తెరువగా ఇద్దరికీ కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం కనబడిందని క్లౌ తన ఆత్మకథలో తెలిపాడు. లోకం బలహీనులుగా, నీచులుగా ఎంచినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్నది ఆ భాగం సారాంశం. దానితో ఆయన మాదిగల పక్షాన నిలిచాడు. కృప అర్హతను చూసి లభించేది కాదన్న బోధకు ఆచరణలో ఇది తొలి పరీక్ష అయింది.

కొత్తగా చేరినవారికి మూడు నియమాలు ముఖ్యంగా ఉండేవి. ఆదివారం పని మానాలి, విగ్రహారాధన విడువాలి, చచ్చిన పశువుల మాంసం తినరాదు. గ్రామ జాతరలలో డప్పు కొట్టడం మాదిగల వంతుగా ఉన్న ఆ కాలంలో ఈ నియమాలను పాటించడమంటే ఊరి పెద్దల ఆగ్రహాన్ని ఎదుర్కోవడమే.

కరవు, కాలువ పని

1876-78 మధ్య దక్షిణ భారతదేశాన్ని ఘోరమైన కరవు పీడించింది. కూలి దొరకక ప్రజలు అలమటిస్తుండగా క్లౌ బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ భాగం తవ్వకాన్ని గుత్తకు తీసుకున్నాడు. పూర్వం నేర్చిన కొలతల విద్య ఆయనకు ఇక్కడ ఉపకరించింది. సంఘ బోధకులు మేస్త్రీలుగా వ్యవహరించి, విశ్రాంతివేళల్లో కూలీలకు సువార్త వినిపించేవారు.

చాలామంది బాప్తిస్మం కోరినా, అన్నం కొరకు మతం మారుతున్నారన్న అనుమానానికి తావివ్వకూడదని క్లౌ సుమారు 15 నెలలపాటు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. 1878 జూన్‌లో బాప్తిస్మాలు మరల మొదలయ్యాయి. వెల్లంపల్లి వద్ద గుమికూడిన జనం తమకు ధనసహాయం అక్కరలేదని, బాప్తిస్మమే కావాలని పట్టుబట్టారు. జూలై 3న ఆరుగురు బోధకులు, ఒకేసారి ఇద్దరు చొప్పున నీటిలో నిలిచి, 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ సంవత్సరాంతానికి ఈ సంఖ్య 9 వేలు దాటింది.

కృపనుండి తొలగిపోవడం గురించిన చర్చ

ఈ వార్త అమెరికాకు చేరినప్పుడు ఆనందంతోపాటు సందేహాలూ వ్యక్తమయ్యాయి. ఇంతమంది నిజంగా మారారా అన్నది ప్రధాన సందేహం. కృపనుండి తొలగిపోవడమనే మాట గలతీయులకు వ్రాసిన పత్రిక 5వ అధ్యాయంలోనిది. ఒక తప్పు చేసి జారిపడడమని అక్కడ అర్థం కాదు. క్రీస్తును నమ్మినవారు తిరిగి ధర్మశాస్త్ర క్రియల వలన నీతిమంతులు కావాలని ప్రయత్నించడమని అర్థం. తరువాతి శతాబ్దాలలో ఈ మాటకు అర్థం విస్తరించింది. చావైన పాపం వలన కృపాస్థితి పోతుందని, పాపసంకీర్తనం ద్వారా తిరిగి లభిస్తుందని కథోలిక సంఘం బోధిస్తుంది. నిజమైన విశ్వాసి కడవరకు నిలుస్తాడని 1618-19లో జరిగిన డోర్ట్ మహాసభ నిర్ణయించింది. విశ్వాసి కూడా పడిపోవచ్చునని జాన్ వెస్లీ బోధించాడు.

అమెరికన్ బాప్టిస్టులలో అధికులు డోర్ట్ అభిప్రాయానికి దగ్గరివారు. వారి దృష్టిలో వెనుదిరిగినవాడు కృపను పోగొట్టుకున్నవాడు కాడు, మొదటినుండి దానిని పొందనివాడు. అందువలన ముందుగా పరీక్షించవలసిన బాధ్యత బాప్తిస్మం ఇచ్చేవారిపై పడుతుంది. 15 నెలల నిరీక్షణకు ఉన్న ప్రాముఖ్యం ఇదే. అయితే ఆకలితో ఉన్నవాని హృదయాన్ని తూచే కొలమానం ఏదీ లేదు. గ్రామంలో పనిపోయినా, ఊరివారు వేధించినా ఆ మనిషి నిలబడడమే చివరికి నిదర్శనమవుతుంది. 1880ల ఆరంభానికి ఒంగోలు సంఘ సభ్యులు సుమారు 20 వేలకు చేరడం, కరవు తీరిన తరువాత కూడా సంఘం నిలిచిందనడానికి ఆధారంగా చెప్పబడుతుంది.

తెలంగాణలో బాప్టిస్టు సేవ

బాప్టిస్టు మిషను క్రమంగా నిజాం రాజ్యంలోకి విస్తరించింది. 1875లో సికింద్రాబాదులో, 1879లో హనుమకొండలో, 1885లో పాలమూరులో (నేటి మహబూబ్‌నగర్) కేంద్రాలు ఏర్పడ్డాయి. 1890లో రష్యానుండి వచ్చిన మెన్నొనైట్ బ్రదరన్ మిషనరీలు బాప్టిస్టుల సహకారంతో నల్గొండలో పని ప్రారంభించారు. ఆత్మకూరు (నేటి వనపర్తి జిల్లా) ఉన్న పాలమూరు ప్రాంతంలో కూడా 1937 తరువాత మెన్నొనైట్ బ్రదరన్ మిషను సేవ సాగించింది. విశ్వాసి తొలగిపోయే అవకాశం ఉన్నదని మెన్నొనైట్ సంప్రదాయం హెచ్చరిస్తుంది. ఈ విధంగా రెండు భిన్నమైన బోధలు దక్షిణ తెలంగాణ గ్రామాలలో ఒకదాని తరువాత ఒకటి ప్రవేశించాయి.

చివరి రోజులు

1893లో హేరియట్ మరణించగా, 1894లో క్లౌ ఎమ్మా రౌషెన్‌బుష్‌ను వివాహమాడాడు. ఈమె మాదిగల జీవితాలపై 1899లో ఒక గ్రంథం ప్రచురించింది. వార్ధక్యంలో అమెరికాకు తిరిగి వెళ్ళిన క్లౌ 1910లో రోచెస్టర్‌లో మరణించాడు. ఆయన చెప్పగా ఎమ్మా వ్రాసిన ఆత్మకథ 1914లో వెలువడింది. ఒంగోలులోని క్లౌ స్మారక ఆసుపత్రికి ఆయన పేరు పెట్టారు.