ఇనుపపెట్టె - ఆర్దేశిర్ గోద్రెజ్ చరిత్రము

ధనము నార్జించుట యొక యెత్తు. ఆర్జించినదానిని నిలుపుకొనుట మఱియొక యెత్తు. మన పూర్వులు బంగారమును బిందెలో పెట్టి నేలలో పాతిరి. దస్తావేజులను భోషాణములలో దాచిరి. పాతిన చోటు చెప్పకయే యజమాని కన్నుమూసిన యిండ్లును, దస్తావేజులు చెదలపాలై దావా నోడిన కుటుంబములును మన గ్రామములలో లేకపోలేదు. పట్టణములలో వర్తకము పెరిగిన పిమ్మట ఇనుపపెట్టె యవసరమయ్యెను. కాని పందొమ్మిదవ శతాబ్ది తుదివఱకు మంచి పెట్టె యనగా ఇంగ్లండునుండి వచ్చిన ఛబ్బో, మిల్నరో కావలెను. మన సొమ్మునకు కావలి కాయుటకు సైతము పరదేశపు పెట్టెనే నమ్ముకొనవలసిన దుర్దశ యది. ఆ దుర్దశను తొలగించిన ధన్యుడు ఆర్దేశిర్ బుర్జోర్జీ గోద్రెజ్.

ఆయన 1868లో బొంబాయిలో నొక పార్శీ కుటుంబమున జన్మించెను. న్యాయశాస్త్రమభ్యసించి, 1894లో నొక వ్యాజ్యము నడపుటకై ఆఫ్రికా తూర్పుతీరమునందలి జాంజిబారునకు పోయెను. తాను నిజమని రూఢిగా నెఱుగని సంగతిని నిజమని న్యాయస్థానమున పలుకవలసిన ఘట్టము అచట తటస్థించెను. ఆయన యందుల కొడంబడలేదు. ఆ వ్యాజ్యమునే కాక వకీలు వృత్తినే వదలుకొని స్వదేశమునకు మరలెను.

పిదప నొక మందుల దుకాణమున సహాయకుడుగా కుదిరి, శస్త్రవైద్యులకు వలయు కత్తులు, పట్టకారులు మున్నగువానిని చేయ సంకల్పించెను. మెర్వాన్జీ కామా యను పెద్దమనిషి మూడువేల రూపాయలు బదులిచ్చెను. పనిముట్లు చక్కగానే కుదిరెను. కాని వానిపై హిందూదేశములో చేయబడినవను ముద్ర యుండరాదని కొనువారు పట్టుపట్టిరి. ఆ ముద్ర లేనిదే సరుకు నమ్మనని ఆర్దేశిర్ పట్టుపట్టెను. బేరము చెడెను, పరిశ్రమ మూతబడెను. జాంజిబారులో తెలియనిదానిని నిజమని పలుకనివాడు బొంబాయిలో తెలిసిన నిజమును దాచుటకు సమ్మతించునా?

ఆ దినములలో బొంబాయిలో దొంగతనములు పెచ్చుపెరిగినవను వార్త నొకనాడు పత్రికలో ఆయన చదివెను. వెంటనే తాళముల నిర్మాణమును శ్రద్ధతో పరిశీలించి, 1897 మే 7వ తేదీన లాల్‌బాగులో నొక చిన్న పాకలో పని ప్రారంభించెను. సామాన్యపు తాళములలోని స్ప్రింగులు త్రుప్పు పట్టి విరుగుట గమనించి, స్ప్రింగు లేని తాళమును కల్పించెను. తాళము కుదిరిన పిమ్మట పెట్టె వంతు వచ్చెను. 1902లో ఆయన కర్మాగారమునుండి ఇనుపపెట్టెలు వెలువడసాగెను. తమ్ముడు పిరోజ్‌షా తోడు నిలిచెను.

ఇనుపపెట్టెకు శత్రువు లిద్దరు: దొంగ, అగ్ని. వీరి స్వభావములు వేఱు. గునపమునకును బరమాకును లొంగని మందపు టుక్కురేకు దొంగ నాపును. కాని అదే రేకు వేడిని లోనికి చేరవేయును. పెట్టె చెక్కు చెదరకున్నను లోని పత్రములు బూడిద కావచ్చును, ఏలయన కాగితము సుమారు 175 డిగ్రీల సెంటిగ్రేడునకే మాడనారంభించును. అందుచే రెండు రేకుల నడుమ, వేడి సోకినప్పుడు తనలోని తేమను ఆవిరిగా విడిచి లోపలి భాగమును చల్లగా నుంచు పదార్థమును నింపుదురు. పెట్టె ప్రాణమంతయు కంటి కగపడని యీ నడిమి పొరలోనే యున్నది. కొనువాడు చూచునది పైరంగు మాత్రమే. తక్కినదంతయు చేసినవాని నిజాయితీ.

కావున గృహస్థుడు గాని వర్తకుడు గాని ముందుగా తాను దాచవలసిన దేమో తేల్చుకొనవలెను. నగలకు దొంగ నాపు పెట్టె, దస్తావేజులకును లెక్కలకును నిప్పు నాపు పెట్టె ముఖ్యము. రెండును గలవారు రెండు గుణములకును పరీక్ష జరిగినట్లు ఆధారము నడుగవలెను. నేటి కంప్యూటరు డిస్కులు కాగితముకంటె చాల తక్కువ వేడికే చెడును గనుక వానికి ప్రత్యేకపు పెట్టె కావలెను. తేలికపాటి పెట్టెను నేలకో గోడకో బోల్టులతో బిగింపనిచో దొంగ దానిని పెట్టెతో సహా మోసికొనిపోవును. బరువైన పెట్టెను మేడమీద నుంచుటకుముందు ఆ కప్పు మోయునో లేదో విచారింపవలెను. మారుచెవిని అదే గదిలో బీరువాపై నుంచువారికి ఏ పెట్టెయు రక్ష కాదు.

స్వదేశీ వస్తువను పేరుతో నాసిరకపు సరుకును ప్రజల కంటగట్టుట ఆర్దేశిర్‌కు గిట్టలేదు. దేశభక్తి గుణలోపమునకు ముసుగు కారాదని ఆయన వాదించెను. ఈ మాట కొందఱు జాతీయవాదులకు రుచింపలేదు. చేతిలో రాట్నము తప్ప మూలధనము లేని బీదవాని సరుకునకు కొంత ఓర్పు చూపుట ధర్మమే. అయినను ఆర్దేశిర్ దేశాభిమానమును శంకించుట కెవ్వరికిని వీలులేదు. 1921లో మన బెజవాడలో సమావేశమైన అఖిలభారత కాంగ్రెసు సంఘము తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు కూర్ప నిశ్చయింపగా, ఆయన మూడు లక్షల నర్పించెను. సొమ్మును దాచు పెట్టెలు చేసినవాడు తన పెట్టెను దేశముకొఱకు తెఱచెను.

1928లో వ్యాపారభారమును తమ్మునికి విడిచి, నాసికు చేరి వ్యవసాయమున మునిగెను. 1936లో పరమపదించెను. ఎనిమిదేండ్లకు ఆయన పనికి మహాపరీక్ష యెదురయ్యెను. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో మందుగుండుతో నిండిన ఫోర్ట్ స్టికైన్ ఓడ ప్రేలి, ఆ ప్రాంతమంతయు మంటలలో చిక్కెను. ఆ శిథిలములనుండి వెలికితీసిన గోద్రెజ్ పెట్టెలను తెఱచి చూడగా, లోని పత్రములు భద్రముగా నుండెను. స్వతంత్ర భారతమున 1951-52లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలకు పండ్రెండు లక్షలకు పైగా బ్యాలటు పెట్టెలను ఆ సంస్థయే చేసియిచ్చెను. ప్రజల సొమ్మును కాచినవారికే ప్రజల తీర్పునుగూడ కాచు భారము దక్కెను. అబద్ధమాడనొల్లక వకీలు వృత్తిని విడిచినవాని పనికి ఇంతకన్న తగిన ఫలమేమి?