కప్పు గెలిచిన సారథి.. కదనంలో ఒరిగిన సార్జెంట్: జిమ్మీ స్పియర్స్ జీవితం

ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫోర్డ్ సిటీ ఫుట్‌బాల్ క్లబ్బు శతాబ్దానికి పైబడిన తన చరిత్రలో ఎఫ్‌ఏ కప్‌ను ఒకే ఒక్కసారి గెలిచింది. ఆ విజయాన్ని తెచ్చిపెట్టిన ఏకైక గోల్ సాధించినవాడు, ఆనాటి జట్టు సారథి ఒక్కరే. ఆయనే స్కాట్లండ్‌కు చెందిన జిమ్మీ స్పియర్స్. ఆ గోల్ చేసిన ఆరేళ్లకు ఆయన బెల్జియం యుద్ధభూమిలో నేలకొరిగారు. అప్పటికి ఆయన వయసు 31 ఏళ్లు.

స్పియర్స్ 1886 మార్చి 22న గ్లాస్గో సమీపంలోని గోవన్‌లో జన్మించారు. క్లైడ్ నది ఒడ్డున నౌకా నిర్మాణ కేంద్రాలతో, కార్మికుల నివాసాలతో కిక్కిరిసిన ప్రాంతమది. ఫుట్‌బాల్ అక్కడి శ్రామిక కుటుంబాల యువకులకు వినోదమే కాదు, జీవనోపాధి కూడా. స్పియర్స్ 1905లో ప్రసిద్ధ రేంజర్స్ క్లబ్బులో చేరారు. ముందు వరుసలో ఆడుతూ, సహచరులకు బంతిని నేర్పుగా అందించే ఆటగాడిగా పేరు తెచ్చుకున్నారు. 1908 మార్చిలో డండీ నగరంలో వేల్స్‌పై జరిగిన మ్యాచ్‌లో స్కాట్లండ్ జాతీయ జట్టు తరఫున బరిలోకి దిగారు. ఆ మ్యాచ్‌లో స్కాట్లండ్ 2-1తో నెగ్గింది. అయినా జాతీయ జట్టులో ఆయనకు మళ్లీ అవకాశం రాలేదు. అదే ఏడాది ఆయన క్లైడ్ క్లబ్బుకు మారారు.

ఆ కాలంలో ఇంగ్లండ్ క్లబ్బులు స్కాటిష్ ఆటగాళ్ల కోసం పోటీపడేవి. బంతిని ఒకరి నుంచి ఒకరికి అందిస్తూ ముందుకు సాగే ఆటతీరులో వారిది అందెవేసిన చేయి. అయితే ఇంగ్లండ్‌లో ఆటగాడి వేతనం వారానికి 4 పౌండ్లకు మించరాదన్న నిబంధన 1901 నుంచి అమల్లో ఉండేది. ఎంతటి ఆటగాడైనా ఈ పరిమితికి లోబడాల్సిందే. 1909లో స్పియర్స్ యార్క్‌షైర్‌లోని ఉన్ని మిల్లుల పట్టణమైన బ్రాడ్‌ఫోర్డ్‌కు తరలివెళ్లారు. బ్రాడ్‌ఫోర్డ్ సిటీ 1903లో ఆవిర్భవించిన కొత్త క్లబ్బు. మొదటి డివిజన్‌లోకి అడుగుపెట్టి అప్పటికి ఏడాదే అయింది. జట్టు పగ్గాలు స్పియర్స్ చేతికి వచ్చాయి.

1910-11 సీజన్ ఆ క్లబ్బుకు స్వర్ణయుగం. లీగ్‌లో 5వ స్థానంలో నిలవడమే కాక, ఎఫ్‌ఏ కప్ ఫైనల్‌కు కూడా చేరింది. ప్రత్యర్థి అంతకుముందు ఏడాది విజేత న్యూకాజిల్ యునైటెడ్. ఏప్రిల్ 22న లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌లో జరిగిన ఫైనల్‌లో ఎవరూ గోల్ చేయలేదు. నాలుగు రోజుల తర్వాత మాంచెస్టర్‌లోని ఓల్డ్ ట్రాఫోర్డ్‌లో మ్యాచ్‌ను మళ్లీ నిర్వహించారు. తొలి అర్ధభాగంలో స్పియర్స్ తలతో కొట్టిన బంతి గోల్‌లోకి చేరింది. ఆ ఆధిక్యాన్ని జట్టు చివరి వరకు నిలబెట్టుకుంది. విజేత జట్టులో ఎనిమిది మంది స్కాట్లండ్ వారే కావడం విశేషం. మరో విశేషమేమిటంటే, ఆ ఏడాదే కొత్తగా తయారైన కప్పును రూపొందించింది బ్రాడ్‌ఫోర్డ్‌లోని ఫటోరినీ సంస్థ. ఆ ఊరి పనివారు మలచిన కప్పు తొలిసారిగా ఆ ఊరికే దక్కింది.

భారత ఫుట్‌బాల్ చరిత్రలోనూ అది మరపురాని సంవత్సరమే. అదే 1911 జులై 29న మోహన్ బగాన్ కలకత్తాలో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను ఓడించి ఐఎఫ్‌ఏ షీల్డ్ గెలుచుకుంది.

1912 డిసెంబరులో స్పియర్స్ పొరుగునే ఉన్న లీడ్స్ సిటీ క్లబ్బులో చేరారు. దాని మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్. తర్వాతి కాలంలో ఆర్సెనల్‌ను అగ్రస్థానానికి చేర్చింది ఆయనే. 1913-14లో లీడ్స్ సిటీ రెండో డివిజన్‌లో 4వ స్థానం సాధించింది. ఆ క్లబ్బుకు అదే అత్యుత్తమ స్థానం.

1914 ఆగస్టులో యుద్ధం మొదలైంది. అయినా లీగ్ పోటీలు ఆ సీజన్ అంతా కొనసాగడంతో ఫుట్‌బాల్ క్రీడాకారులపై తీవ్ర విమర్శలు వెల్లువెత్తాయి. యువకులు యుద్ధరంగంలో ప్రాణాలర్పిస్తుంటే దేహదారుఢ్యం గల ఆటగాళ్లు మైదానాల్లో కాలక్షేపం చేస్తున్నారన్నది ఆ నింద. 1915 ఏప్రిల్‌లో ఎఫ్‌ఏ కప్ ఫైనల్ జరిగింది కూడా స్పియర్స్ గోల్ చేసిన ఓల్డ్ ట్రాఫోర్డ్‌లోనే. ప్రేక్షకుల్లో సైనికులు పెద్దసంఖ్యలో ఉండడంతో దానికి ఖాకీ ఫైనల్ అన్న పేరు స్థిరపడింది.

మరుసటి నెలలోనే స్పియర్స్ సైన్యంలో చేరారు. అప్పటికి బ్రిటన్‌లో నిర్బంధ సైనిక సేవ లేదు. 1916 జనవరిలో వచ్చిన చట్టం సైతం మొదట అవివాహితులకే వర్తించింది. స్పియర్స్‌కు భార్య, ఇద్దరు చిన్న పిల్లలు ఉన్నారు. ఇంటివద్దే ఉండిపోయినా చట్టం ఆనాడు ఆయనను తప్పుపట్టేది కాదు. అయినా ఆయన స్వచ్ఛందంగా క్వీన్స్ ఓన్ కామెరాన్ హైలాండర్స్ దళంలో చేరి ఫ్రాన్స్ యుద్ధరంగానికి వెళ్లారు. అక్కడ ఒకసారి గాయపడి, కోలుకున్నాక మళ్లీ విధుల్లో చేరారు. 1917లో శౌర్యానికి గుర్తింపుగా మిలిటరీ మెడల్ అందుకున్నారు. సార్జెంట్‌గా పదోన్నతి పొందారు.

ఆ ఏడాది జులై 31న బెల్జియంలోని ఈప్రె పట్టణం వద్ద మూడో సమరం ఆరంభమైంది. పాషెండేల్ యుద్ధంగా చరిత్రకెక్కినది ఇదే. ఎడతెగని వర్షాలకు యుద్ధభూమి బురదకయ్యగా మారింది. ఆగస్టు 20న ఆ పోరులోనే స్పియర్స్ ప్రాణాలు కోల్పోయారు. తొలుత ఆయన పేరు గల్లంతైనవారి జాబితాలో చేరింది. యుద్ధం ముగిశాక, 1919లో గానీ ఆయన మృతదేహం లభ్యం కాలేదు. కుటుంబం ఎదురుచూపులు అప్పటిదాకా సాగాయి.

ఆ మూల్యం చెల్లించింది స్పియర్స్ ఒక్కరే కాదు. 1911 విజేత జట్టులోని రాబర్ట్ టోరెన్స్ సైతం యుద్ధానికి బలయ్యారు. బ్రాడ్‌ఫోర్డ్, లీడ్స్ జట్ల రెండింటిలోనూ స్పియర్స్‌కు సహచరుడైన ఎవెలిన్ లింటాట్ 1916 జులై 1న, సోమ్ సమరం తొలిరోజే మరణించారు. స్పియర్స్ చివరిగా ఆడిన లీడ్స్ సిటీ క్లబ్బు కూడా మిగలలేదు. యుద్ధకాలంలో ఆటగాళ్లకు అక్రమ చెల్లింపులు జరిపిందన్న ఆరోపణలపై 1919లో దాన్ని లీగ్ నుంచి బహిష్కరించారు.

ఈప్రె సమీపంలోని డోషీ ఫామ్ సైనిక శ్మశానవాటికలో స్పియర్స్ శాశ్వత నిద్రలో ఉన్నారు. బ్రాడ్‌ఫోర్డ్ సిటీ ఆ తర్వాత మరెన్నడూ ఎఫ్‌ఏ కప్ ఫైనల్‌కు చేరలేదు. అందుకే ఆ పట్టణంలో కప్పు ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ, దాన్ని అందించిన సారథి పేరు కూడా నేటికీ వినిపిస్తూనే ఉంటుంది.