ఒక్క రీలూ మిగలని రఘుపతి వెంకయ్య

అల్ రాయ్ శుక్రవారం సంతకు వెళ్ళని తెలుగువాడు కువైట్‌లో అరుదు. దొరకని పాత వస్తువుకు ఎంత గిరాకీ ఉంటుందో అక్కడ చూస్తే తెలుస్తుంది. సినిమా రీళ్ళ సంగతీ అంతే. వందేళ్ళ కిందటి మూకీలు, కార్టూన్ బొమ్మలు, ఎవరూ పేరు వినని చిన్న చిత్రాలు వెతికి దాచుకునేవాళ్ళు దేశదేశాల్లో ఉన్నారు. మన తెలుగువాళ్ళలో అలా వెతకాల్సిన రీలు ఎవరిదంటే, రఘుపతి వెంకయ్య నాయుడు గారిది.

ఆయన 1869లో మచిలీపట్నంలో పుట్టారు. బతుకుతెరువు వెతుక్కుంటూ మద్రాసు వెళ్ళి ఫొటో స్టూడియో పెట్టారు. అది బాగానే నడిచింది. 1910 ప్రాంతంలో క్రోనో మెగాఫోన్ అనే కొత్త యంత్రం ఆయన కంట పడింది. తెర మీద బొమ్మ కదులుతుంటే, పక్కన గ్రామఫోను రికార్డు మీద దాని పాట వినిపిస్తుంది. మన టాకీలకు ఇరవై ఏళ్ళ ముందు మాట ఇది! నడుస్తున్న స్టూడియోను తాకట్టు పెట్టి మరీ ఆ యంత్రం కొన్నారు. వీసా కోసం పొలం తాకట్టు పెట్టి వచ్చిన మనవాళ్ళకు ఆ తెగింపు ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఆ యంత్రంతో ఊరూరా డేరాలు వేశారు. సిలోన్, బర్మా దాకా వెళ్ళి ఆటలు ఆడించారు. తిరిగొచ్చి మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టారు. తర్వాత క్రౌన్, గ్లోబ్ కూడా వచ్చాయి. కొడుకు ప్రకాష్‌ను సినిమా పని నేర్చుకోమని విదేశాలకు పంపారు. 1921లో తండ్రీకొడుకులు స్టార్ ఆఫ్ ది ఈస్ట్ కంపెనీ పేరుతో ‘భీష్మ ప్రతిజ్ఞ’ మూకీ తీశారు. తర్వాత నష్టాలొచ్చి థియేటర్లు చేజారాయి. 1941లో వెంకయ్య గారు కన్నుమూశారు. 1980 నుంచి ఆయన పేరిట ప్రభుత్వం అవార్డు ఇచ్చింది. తెలుగు సినిమాకు పితామహుడన్నారు. కానీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ చూద్దామంటే ఒక్క రీలూ లేదు.

ఆ రోజుల్లో ఫిల్ము నైట్రేట్‌తో చేసేవారు. నిప్పు తగిలితే భగ్గుమంటుంది, వేడికీ తేమకూ పొడిపొడి అవుతుంది. ఆట అయిపోయిన రీళ్ళను కరిగించి వెండి తీసుకోవడమూ మామూలే. అప్పుడు అది చెత్త, ఇప్పుడు దొరికితే చరిత్ర. అందుకే ఊళ్ళో పాత టూరింగ్ టాకీస్ డబ్బాలు, తాతల నాటి నెగటివ్‌లు ఉంటే ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఒక మాట చెప్పండి. పాత సామాన్లవాడికి వేయొద్దని, పొయ్యికి దూరంగా పెట్టమని. ఇలాంటివి భద్రం చేయడానికి పుణేలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది.