విప్పి చూచి నేర్చిన మేధావి: జి.డి. నాయుడు

కోయంబత్తూరు సమీపాన కలంగల్ గ్రామంలో 1893లో ఒక తెలుగు కుటుంబంలో జన్మించిన గోపాలస్వామి దొరస్వామి నాయుడు గారు మూడవ తరగతితోనే చదువు ముగించారు. ఒక ఆంగ్లేయ అధికారి మోటారు సైకిలును చూచి ముగ్ధులై, హోటలులో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో దానినే కొన్నారు. భాగాలన్నీ విప్పి, మరల బిగించి, దాని రహస్యం గ్రహించారు. 1920లో ఒక్క బస్సుతో రవాణా వ్యాపారం ప్రారంభించారు. అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారుచేయగలనని 1941లో ప్రకటించారు. ఆయన వితరణతో 1945లో కోయంబత్తూరులో సాంకేతిక కళాశాల వెలసింది. 1974లో పరమపదించారు.

ఈ జీవితం మనకు నేర్పేది విడదీసి చూచే ఓర్పు. చిన్న బ్యాటరీ రేడియో మూగబోతే, భాగాలన్నీ మార్చనక్కరలేదు. ముందు బ్యాటరీ వోల్టేజి, తరువాత స్పీకరు, అక్కడినుండి ఒక్కొక్క దశ వెనుకకు పరీక్షించాలి. ఎక్కడ సంకేతం ఆగినదో అక్కడే దోషం.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం విద్యార్థులకు ఆ ఓర్పు కొరత కాదు, కొరత సాధనాలదే. ఒక బల్ల, ఒక మల్టీమీటరు, ఒక సోల్డరింగ్ ఐరన్ సమకూర్చవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలను మేము సవినయంగా కోరుతున్నాము.