నాగరత్నమ్మ ఆరాధన

సద్గురు త్యాగరాజస్వామి 1847 జనవరి 6వ తేదీన, పుష్య బహుళ పంచమినాడు, తిరువయ్యారులో సిద్ధి పొందిరి. కావేరీతీరమున ఆయన సమాధి చిరకాలము ఆలనాపాలనా లేక యుండెను. ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఉమయాల్పురమునకు చెందిన శిష్యులు దానిని బాగుచేయించిరి. పిమ్మట ఏటేట ఆరాధన జరుగసాగెను. దానితోపాటు వైషమ్యములును పొడసూపెను. విద్వాంసులు పెద్దకచ్చి, చిన్నకచ్చి అని రెండు పక్షములుగా చీలి, ఒక్క గురువునకు రెండు ఉత్సవములు జరుపసాగిరి. వారి నడుమ ఎన్ని భేదము లున్నను ఒక్క విషయమున మాత్రము ఏకాభిప్రాయము కలదు: స్త్రీలు ఆ సన్నిధిని పాడరాదు.

బెంగుళూరు నాగరత్నమ్మ 1878లో మైసూరు సంస్థానములోని నంజనగూడున, దేవదాసీ కుటుంబమున జన్మించెను. తండ్రి ఆదరణ లేని బిడ్డ. తల్లి పట్టుదలచే సంస్కృతాంధ్రములను, సంగీతమును అభ్యసించి, మద్రాసు చేరి, గాయనిగా కీర్తిని, ధనమును గడించెను. ముద్దుపళని రాధికాసాంత్వనమును 1910లో పరిష్కరించి ప్రకటించినది ఈమెయే. ఆమెకు సంగీతము నేర్పినవారిలో ఒకరు త్యాగరాజశిష్యుల పరంపరలోనివారు.

1921లో గురువు బిడారం కృష్ణప్ప వ్రాసిన యుత్తరమువలన సమాధి దుస్థితి ఆమెకు తెలియవచ్చెను. ఆమె ఆ స్థలమును కొనెను. తన సొత్తు వెచ్చించి ఆలయము కట్టించెను. స్వామివారి శిలావిగ్రహమును ప్రతిష్ఠ చేయించెను. అయినను ఉత్సవవేళ తన భూమిలో, తాను కట్టించిన గుడిముంగిట, ఆమెకే పాడుటకు చోటు లేకపోయెను!

నాగరత్నమ్మ మద్రాసుకు మరలిపోలేదు. 1927లో స్త్రీలను కూడగట్టి, ఆలయము వెనుకభాగమున వేరుగా ఆరాధన ఆరంభించెను. దానితో కచ్చులు మూడైనవి. ఐక్యమునకు ఇది దారియా యని ఆనాడు సందేహించినవారు ఉండవచ్చును. కాని చోటు లేనివారు తమకొక చోటు కల్పించుకొననిచో వారితో సంధి మాట యెవరు తలపెట్టుదురు?

1940-41 సంవత్సరములలో ఐ.సి.యస్. అధికారి యస్.వై. కృష్ణస్వామి, గాయకులు ముసిరి సుబ్రహ్మణ్యయ్యరు మొదలగువారి పూనికచే మూడు పక్షములును ఏకమయ్యెను. స్త్రీలు పురుషులతోపాటు సన్నిధిని పాడిరి. పంచరత్నకీర్తనల సామూహిక గానము ఆరాధనకు ప్రధానాంగమైనది కూడ ఆ రోజులలోనే. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగములలోని ఆ అయిదు కీర్తనలలో మొదటిది సంస్కృతము, తక్కిన నాలుగును తెలుగు. ఎవరు ముందు, ఎవరు వెనుక యను తగవు విద్వత్సభలకు పాతవ్యాధి; అందరును ఒక్కపెట్టున పాడునపుడు ఆ తగవునకు తావు లేదు. కావేరికి ఎంతో దూరమున, ఢిల్లీలోని మయూర్ విహార్ వంటి పేటలలో దక్షిణాదివారు త్యాగరాజారాధనకు కూడినను, పేరొందిన విద్వాంసుని ప్రక్కన నిన్న మొన్న పాఠము నేర్చిన బాలిక కూర్చుండి గొంతు కలుపగలుగుట ఈ పద్ధతివలననే.

వ్రాతలో లేని హక్కు నిలువదని నాగరత్నమ్మ యెరుగును. 1949లో వ్రాసిన మరణశాసనమున తన ఆస్తిని గురుసేవకు ఒప్పగించుచు, ఆ సన్నిధిని స్త్రీలు పాడుటకు, పూజించుటకు ఆటంకము ఉండరాదని నిబంధన చేసెను. 1952 మే 19వ తేదీన కన్నుమూసెను. త్యాగరాజస్వామి సమాధి చెంతనే ఆమెకు స్మారకము నిర్మించిరి. అందు ఆమె విగ్రహము గురుసన్నిధికి అభిముఖముగా కూర్చున్నది.