రాయలవారి చదరంగంలో రాణి లేదు

అలీ హేజల్‌వుడ్ రాసిన ‘చెక్ అండ్ మేట్’ నవల రెండు రాత్రుల్లో చదివేశాను. మ్యాలరీ అనే అమ్మాయి ఒక ఛారిటీ టోర్నమెంట్‌లో చెస్ ప్రపంచ ఛాంపియన్ నోలన్‌ని ఓడిస్తుంది. ఓడినవాడే ఆమెని ఇష్టపడతాడు. లవ్ స్టోరీ కన్నా నాకు బాగా నచ్చింది, ఇద్దరూ బల్లకి చెరో వైపు సమానంగా కూర్చోవడం. అది చదువుతున్నంతసేపూ మా వైపు చెప్పుకునే ఒక రాజు గుర్తొచ్చాడు.

మాది నెల్లూరు జిల్లా అనంతసాగరం, సోమశిల డ్యామ్ ఉన్న మండలం. ఆత్మకూరు దాటి వెళ్తే ఉదయగిరి కొండ, దాని మీద కోట. ఆ కోటని గెలిచిన శ్రీకృష్ణదేవరాయలకి చదరంగం అంటే ప్రాణమట. బొడ్డుచర్ల తిమ్మన అనే కవి ఆటలో రాయల్ని ఓడించేవాడనీ, రాయలు మెచ్చుకుని కొప్పోలు గ్రామాన్ని అగ్రహారంగా ఇచ్చాడనీ చెప్తారు. ఓడించినవాడికి ఊరు రాసిచ్చిన రాజన్నమాట!

రాయలు 1509లో విజయనగర సింహాసనం ఎక్కాడు. అప్పటికి ఉదయగిరి ఒడిశా గజపతి ప్రతాపరుద్రుడి చేతిలో ఉంది. 1513లో ముట్టడి మొదలైంది. కొండకోట కదా, నేరుగా కొడితే పడదు. నెలల తరబడి చుట్టూ కాపు కాసి 1514లో పట్టుకున్నాడు. కోటలో ఉన్న గజపతి బంధువు తిరుమల రౌతరాయలు బందీ అయ్యాడు. అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని రాయలు తీసుకెళ్లి, 1515లో హంపిలో గుడి కట్టి ప్రతిష్ఠించాడు. అదే ఏడాది కొండవీడు, ఆ తర్వాత కొండపల్లి. అలా సింహాచలం దాకా వెళ్లాడు.

చివరికి సంధి కుదిరింది. గజపతి తన కూతుర్ని రాయలకిచ్చి పెళ్లి చేశాడు. రాయలు కృష్ణానదికి ఉత్తరాన గెలిచిన సీమల్ని తిరిగిచ్చేశాడు. కోటల పేర్లు అందరూ ఒకేలా చెప్తారు. ఆ అమ్మాయి పేరు మాత్రం ఒకరు తుక్కాదేవి అంటారు, ఇంకొకరు జగన్మోహిని, మరొకరు అన్నపూర్ణ. రాయలు ఆమెని దూరం పెట్టాడని, ఆమె కంభంలో ఒంటరిగా ఉండిపోయి తన బాధని అయిదు సంస్కృత శ్లోకాల్లో చెప్పుకుందని జనంలో కథ. వాటినే తుక్కాపంచకం అంటారు.

అదే రాయలు ‘ఆముక్తమాల్యద’ రాశాడు. రంగనాథుడే కావాలని పట్టుబట్టి, ఆయన్నే పెళ్లాడిన గోదాదేవి కథ అది. కావ్యంలో అమ్మాయి మనసుకి అంత విలువ ఇచ్చిన మనిషి ఇంట్లో ఇంకోలా ఉన్నాడంటే నాకు మింగుడుపడలేదు.

ఇంకో సంగతి. మనం క్వీన్ అంటున్న పావు పాత చదరంగంలో మంత్రి. తెలుగులో ఇప్పటికీ మంత్రే. అంటే రాయల బల్ల మీద రాజు, ఏనుగు, గుర్రం, బంటు అన్నీ ఉన్నాయి, రాణి లేదు. నిజజీవితంలో ఆయన మంత్రి తిమ్మరుసు. 1524లో రాయల కొడుకు చిన్న వయసులోనే చనిపోయాడు. విషప్రయోగం అన్న అనుమానంతో తిమ్మరుసు కళ్లు తీయించారని పోర్చుగీసు వ్యాపారి నూనిజ్ రాశాడు. కొడుకు పోయాడు, తండ్రిలాంటి మంత్రీ దూరమయ్యాడు. 1529లో రాయలూ కన్నుమూశాడు.

తిమ్మన చేతిలో నవ్వుతూ ఓడిపోగలిగిన రాయలు గొప్పవాడే. కానీ తిమ్మనకి ఎదురుగా కూర్చునే చోటు దొరికింది. గజపతి కూతురు ఇద్దరు రాజుల ఒప్పందంలో చేతులు మారింది, అంతే. ఆమెకి ఆట వచ్చో రాదో ఎవరూ అడిగినట్టు లేరు.

మన గుడివాడ అమ్మాయి కోనేరు హంపి 2019లో, మళ్లీ 2024లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. ఈసారి ఉదయగిరి కోట ఎక్కితే రాయల విజయంతో పాటు, దాని వెనకే మొదలైన ఆ అమ్మాయి కథ కూడా ఒకసారి తలుచుకోండి.