సదరదాలతు ద్విభాషి - వెన్నెలకంటి సుబ్బారావు

ఉదయగిరి దుర్గమును కృష్ణరాయలు 1514 లో జయించిన కథ మన పాఠశాలలలో చదివినవారికెల్ల తెలియును. మూడువందల యేండ్ల పిమ్మట ఆత్మకూరు సీమలోని ఒక కాపు తన మడిచెక్క కొఱకు వ్యాజ్యమాడవలసివచ్చినచో ఏమి చేసెడివాడో మాత్రము మన చరిత్ర పుస్తకములు చెప్పవు.

1801 లో నెల్లూరు సీమ ఆర్కాటు నవాబు చేతినుండి కుంపిణీవారి వశమయ్యెను. ఉదయగిరి మాత్రము 1830 ల చివరి దాక జాగీరుగనే నిలిచినది. 1802 నాటి శాసనములవలన జిల్లా కోర్టులును, వానిపై ప్రాంతీయ కోర్టులును, అన్నిటికిని మీద చెన్నపట్టణమున సదరదాలతు అను పెద్దకోర్టును అప్పీళ్లు వినుచుండెడివి. కాపు తెలుగున చెప్పుకొన్న మాట పై మెట్టు చేరునప్పటికి అది ఇంగ్లీషు కావలెను. ఏలన, అచట తీర్పు చెప్పువారు దొరలు. వారిలో న్యాయశాస్త్రమును క్రమముగా చదివి వచ్చినవారును అరుదే. తాకట్టు అన్నమాట విక్రయమని మారినచో తరతరముల పొలము ఒక్క గీతతో పోవును. శ్రోత్రియము, ఇనాము, మిరాసి మొదలగు మాటలకు ఇంగ్లీషున సరియైన మాటయే లేదు. నెల్లూరు సీమలోనో, శ్రోత్రియపు గ్రామములు కొల్లలు. ఇట్టి మాటలను ఒక భాషనుండి వేఱొక భాషకు చేర్చు బాధ్యతను సదరదాలతున 1815 మొదలు 1829 వఱకు వహించినవారు వెన్నెలకంటి సుబ్బారావుగారు.

వీరు 1784 వ సంవత్సరము నవంబరు 28 వ తేదీన కందుకూరు చెంతనున్న ఓగూరున నియోగి కుటుంబమున జన్మించిరి. తమ్ము ఒంగోలువారినిగా చెప్పుకొనెడివారు. ఆ దినములలో ఒంగోలును నెల్లూరు సీమలోనిదే. వెన్నెలకంటి అను ఇంటిపేరు సాహిత్యమెఱిగినవారికి క్రొత్తది కాదు. జక్కన తన విక్రమార్కచరిత్రమును అంకితమిచ్చినది వెన్నెలకంటి సిద్ధనమంత్రికే గదా! అయినను ఇంటిపేరు కూడుపెట్టదు. చిన్నతనముననే తండ్రి గతించుటచేత ఈ బాలునకు ఇంగ్లీషు చదువు బ్రతుకుతెరువైనది.

ఆ కాలమున కోర్టు విద్య ఎట్లు నేర్చెడివారో నేటి విద్యార్థులు కొంచెము ఊహించుకొనవలెను. చెన్నపురి విశ్వవిద్యాలయము స్థాపితమైనది 1857 లో. అంతకు పూర్వము పట్టము లేదు, పరీక్ష లేదు, సాయంకాలపు తరగతులును లేవు. 1812 లో ఎల్లిసుదొర మొదలగువారి పూనికతో ఏర్పడిన సెంటుజార్జి కోట కళాశాల దొరలకు దేశభాషలను నేర్పుటయేగాక స్వదేశీయులను కోర్టు కొలువులకు సిద్ధపఱచుచుండెను గాని, అప్పటికే సుబ్బారావుగారి వయస్సు ఇరువది యెనిమిదేండ్లు. వారి తరమువారి పాఠశాల కచేరియే. పిల్లవాడు జీతము లేకుండ వాలంటీరుగా చేరును. పెద్ద రాయసగాని ప్రక్కన కూర్చుండి అర్జీలకు నకళ్లు వ్రాయును. వ్రాసి వ్రాసి దస్తూరి కుదురును, పిదప భాష పట్టుపడును, ఆ పిదప చట్టము. కాశీయాత్రచరిత్ర వ్రాసిన ఏనుగుల వీరాస్వామయ్యగారును పండ్రెండేండ్ల ప్రాయమున ఇట్లే వాలంటీరుగా చేరి, తుదకు చెన్నపట్టణపు సుప్రీముకోర్టున ద్విభాషి యైరి. ఒక్క కాలమున పట్టణములోని రెండు పెద్దకోర్టులందును ఇద్దఱు తెలుగువారు ద్విభాషులై యుండుట విశేషమే.

సుబ్బారావుగారు కొలువు వెంట కన్నడదేశమునకును పోయిరి. పోయినచోటి భాషను విడువక నేర్చుట వారి అలవాటు. తెలుగు, సంస్కృతము, తమిళము, కన్నడము, మహారాష్ట్రము, హిందూస్థానీ, పారసీకము, ఇంగ్లీషు - ఇన్నింటను ప్రవేశము సంపాదించిరి. ఇవి పాండిత్య ప్రదర్శనమునకు కావు. పాత దస్తావేజు పారసీకమున నుండును. సాక్షి తెలుగున పలుకును. అప్పీలు మంగుళూరునుండియైన రావచ్చును. ముప్పదియొకటవ యేట సదరదాలతున కుదురుకొనుటకు ఈ భాషలే నిచ్చెన లైనవి.

ఉపాధ్యాయులు ముఖ్యముగా తలపవలసిన ఘట్టము 1820 నాటిది. ఆ యేడు చెన్నపట్టణమున పాఠ్యపుస్తకముల సభ యొకటి వెలసెను. సుబ్బారావుగారు అందు సభ్యులై దేశములోని చదువుల స్థితినిగూర్చి యొక నివేదిక సమర్పించిరి. వీధిబడులలో బాలురు పద్యములను అర్థము తెలియకయే వల్లించుచున్నారనియు, ఇంగ్లీషు చదువువారును వ్యాకరణమెఱుగక ఏవో కథల పుస్తకములు తిరుగవేయుచున్నారనియు వారి అభియోగము. దేశభాషలలో సులభమైన నీతికథలును, వ్యాకరణమును, గణితమును తగిన పుస్తకములుగా రావలెనని వారు కోరిరి. మన్రోదొర దేశీయ పాఠశాలల లెక్క తీయుడని 1822 లో ఉత్తరువు చేయుటకు రెండేండ్లు ముందు మాట యిది. నకళ్లు వ్రాసి చదువుకొన్న తరమువాడే అర్థములేని వల్లెవేతను నిరసించుట గమనింపదగినది. కోర్టులో అర్థము తెలియని మాట ఎంత చేటు తెచ్చునో వారు ప్రతిదినమును చూచుచుండిరి. వల్లించిన బాలుడు మఱచిపోవుటతో సరి. వల్లించిన ద్విభాషి ఒకని పొలమును మఱియొకని కిచ్చును.

1829 లో వారు కొలువు విడిచిరి. 1839 అక్టోబరు 1 వ తేదీన పరమపదించిరి. అంతకుముందే తమ జీవితకథను వ్రాసి యుంచిరి. అయితే ఇంగ్లీషున వ్రాసిరి. తెలుగు బాలురకు తెలుగు పుస్తకములు కావలెనని సభలో వాదించినవారు తమ కథను తెలుగున ఏల వ్రాయలేదని చదువరికి అనిపింపక మానదు. కొలువు భాషయే ఆలోచన భాషయై పోయినదని నా యూహ. తెలుగువారు వ్రాసికొన్న మొదటి ఆత్మచరిత్రము ఇదేయని పరిశోధకులు చెప్పుదురు. తెలుగున వీరేశలింగము పంతులుగారి స్వీయచరిత్రము వెలువడుట ఇరువదవ శతాబ్దముననే గదా.

కుమారులు వెంకటగోపాలరావుగారు ఆ గ్రంథమును 1873 లో చెన్నపట్టణమున అచ్చు వేయించిరి. అప్పటికి సదరదాలతు లేదు. 1862 లోనే అది హైకోర్టున కలిసిపోయినది. అక్కిరాజు రమాపతిరావుగారు ఆ చరిత్రమును తెలిగించునప్పటికి మఱియొక నూఱేండ్లు గడచినవి.